కుండీ కింద నీలం డిస్క్

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఇవాళ బుట్టలోకి పళ్ళేలు విసిరే మీ డిస్క్ గోల్ఫ్ ఆటకి ఆ కొత్త ఎర్ర డిస్క్ పట్టుకెళ్ళకండి. మైదానంలో బాగానే పోతుంది గానీ, అడవిలో విసిరితే చివరికొచ్చేసరికి ఎడమకి తిరిగి చెట్టుకి కొట్టుకుంటుంది. పనికిరాదని మీరు గులాబీ కుండీ కింద పెట్టిన పాత నీలం డిస్కే మేలు. మట్టి కడిగి మీ సంచిలో పెట్టాను. ఇన్నేళ్ళూ చెట్లకి కొట్టుకుని కొట్టుకుని దాని వంకర తీరిపోయింది, ఇప్పుడు తిన్నగా పోతుంది. మీ వంకరే తీరలేదు. ఆట అయ్యాక ఇంటికి రాకుండా ఎవరింట్లోనో కబుర్లకి కూర్చుంటారు.

రాత్రి కలలో ఆ నీలం డిస్క్ ఒక్క ఆకునీ తాకకుండా చెట్ల మధ్య నుంచి తేలుతూ వచ్చి, మన కుండీ కింద సర్దుకుంది. వెనకాలే మీరొస్తారని తలుపు తీసి నిలబడ్డాను. మీరు రాకముందే మెలకువ వచ్చేసింది.

సాయంత్రం గడియ పెట్టను. తిన్నగా ఇంటికి రండి.