డేగ రాయి

నందికొండ, శుక్రవారం రాత్రి

తవ్వకాల్లో దొరికిన డేగ రాయి డ్యాం నీళ్లలో మునగకుండా ఇవాళ గుట్ట మీదికి ఎక్కించాం. మోసిన వాళ్లలో నేనూ ఉన్నాను. రాతి మీద చెక్కిన శిబి చక్రవర్తి ఒళ్లో పావురం, ఎదురుగా డేగ. రాజు తొడ కోసి ఇస్తున్నా దాని కళ్లలో ఆకలి తగ్గలేదు. ఎవడు చెక్కాడో గాని పాపిష్టి చెయ్యి.

పోయిన ఎండాకాలం మా మేనమామ మల్లయ్యను ఆటపట్టిద్దామని, "శరణన్నోళ్లను గీ రాజు ఇడువడు మామా. గొర్రెపాలు పొయ్యి, నీళ్లు మన ఊళ్లెకు రావు" అన్నాను. నమ్మి రోజూ పోశాడు. నేను చాటుగా నవ్వుకున్నాను. ఊరంతా ఖాళీ అయినా ఆయనా అత్తా కదలలేదు.

ఇవాళ నీళ్లు వాళ్ల గొర్రెల దొడ్డి దాటాయి. పోయి కాళ్లు పట్టుకున్నాను.

"గదంత నా అబద్ధం మామా, లెవ్వు."

"అబద్ధం గిప్పుడాడుతున్నవ్‌ర, నన్ను ఎల్లగొట్టనీకి" అన్నాడు. "రాజును గుట్టెక్కించింది మీరే. రేపు పాలు వట్టుకొని గా గుట్ట మీదికే పోత."

తెల్లారేసరికి గుట్ట చుట్టూ నీళ్లే. ఇద్దరికీ ఈత రాదు. అత్త తడిసిన గడపకు పసుపు రాస్తూ కూర్చుంది.