ఫొటోల ముక్కలు చెత్తబుట్టలో ఉన్నాయి

ఏమండీ, నైట్ డ్యూటీ నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే, వంటింట్లో చెత్తబుట్ట బోర్లించండి. తొమ్మిదింటికి చెత్తబండి వచ్చేస్తుంది. నెలరోజులు మొత్తుకున్నా ఆ బుట్ట ముట్టుకోని మనిషి, ఇవాళ మాత్రం బుద్ధిగా పారబోసి రాకండి, దణ్ణం పెడతాను. నేనే ఏరుదామంటే షాపు తాళం నా దగ్గరే ఉంది, వెళ్లి తెరవాలి.

అందులో పాప వేసవి క్యాంపు ఫొటోల అంచులున్నాయి. ప్రతి ముక్కలో పాప స్నేహితురాలు, ఆ రెండు జడల పిల్ల ఉంటుంది. ఒక్కటీ వదలకుండా ఏరి, తుడిచి, ఆల్బం పక్కన పెట్టండి. అక్కడికక్కడే తీసిచ్చిన ఫొటోలవి, ఇంకో కాపీ లేదు.

తప్పు నాదే. రోజంతా బట్టలు కత్తిరించే చెయ్యి కదా, పాప మధ్యలోకి రావాలని అన్నీ నీటుగా కత్తిరించేశాను. పొద్దున ఆల్బం చూసి అది ఏడవను కూడా లేదు. "అమ్మా, నా భుజమ్మీద దాని చెయ్యి ఒక్కటే మిగిలింది" అని బడికెళ్లిపోయింది.

నాలుగింటికి వస్తుంది. ఇద్దరూ కూర్చుని అతికించండి. బంక టీవీ పక్కనుంది. కత్తెర నాతో తీసుకుపోతున్నాను.

ఆ ఆల్బం తనకోసం కాదటండీ. ఆ పిల్ల వాళ్లు ఇవాళ సాయంత్రమే ఊరు వదిలి వెళ్లిపోతున్నారు. దానికి ఇవ్వడానికట.