పిట్ట మోసిన మాటలు

పిట్ట వాళ్ళ నాన్నగారికి,

ప్రేమతో అని మొదలుపెడదామంటే చెయ్యి మొరాయిస్తోంది, అలవాటు తప్పింది. ఈ ఉత్తరం మీ పనిసంచిలో స్క్రూడ్రైవర్ల పక్కన పెడుతున్నాను. పిట్ట చేతికివ్వలేదు. ఎందుకివ్వలేదో చదివితే మీకే తెలుస్తుంది. సగం చదివి మడిచి జేబులో పెట్టేసుకోకండి, మీకు ఆ గుణం ఉంది.

మా చిన్నపిల్లల క్లాసులో ఈ వారం పాఠం ఏమిటో తెలుసా? మంచి కుటుంబం. చెప్పాల్సింది నేను. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అని ఊరికే అనలేదు. పొద్దున పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, మంచి కుటుంబంలో ఏం చేస్తారర్రా అని అడిగాను. కలిసి తింటారు అన్నారు. కొట్టుకోరు అన్నారు. ఒకడు లేచి, మంచి కుటుంబంలో కుక్కపిల్ల ఉంటుంది టీచర్ అన్నాడు. మన పిట్ట మాత్రం నా కూతురై ఉండి నా క్లాసులో నోరు విప్పలేదు. బడిలో సిగ్గు అనుకున్నాను.

తర్వాత ఆటల మూల దగ్గరికి వదిలాను. రెండు చిన్న కుర్చీలు, బొమ్మ పొయ్యి, గిన్నెలు ఉంటాయే, అక్కడ. మంచి కుటుంబం ఆట ఆడండి అన్నాను. ఇస్త్రీ చేసే ఆయన కొడుకు నాన్న అయ్యాడు. దర్జీ గారమ్మాయి అమ్మ అయ్యింది. ఉన్నట్టుండి పిట్ట లేచి పెత్తనం తీసుకుంది. రెండు కుర్చీలూ వీపులు ఆనేటట్టు తిప్పింది. "నువ్వు ఇటు చూడు, నువ్వు అటు చూడు. మీరిద్దరూ మాట్లాడుకోకూడదు. నాతో చెప్తే నేను వెళ్ళి చెప్తాను" అంది.

"అదేంటి? మా అమ్మ మా నాన్నని రోజూ తిడుతుంది. నాన్న నవ్వుతాడు" అన్నాడు ఇస్త్రీ ఆయన కొడుకు.

"అయ్యో, మీ ఇంట్లో చెప్పడానికి పిల్లలు లేరా?" అని మన పిల్ల జాలిగా అడిగింది.

"నేనున్నాగా. నేనెందుకు చెప్పాలి? వాళ్ళకి నోళ్ళున్నాయి."

గుమ్మంలో పెద్ద టీచరు, పక్కన ఇద్దరు టీచర్లు నిలబడి ఉన్నారు. పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే దొరికిపోతాను కదా. ఆట సాగింది. దర్జీ గారమ్మాయికి కాస్త కోపం ఎక్కువ. "వెళ్ళి చెప్పు, అన్నం లేదు, గిన్నెలన్నీ కడిగేశానని చెప్పు" అంది. పిట్ట రెండడుగులు వేసి నాన్న కుర్చీ దగ్గరికెళ్ళి ఏం చెప్పిందో తెలుసా? "అమ్మ నీకోసం వేడిగా వండుతోంది, కాస్సేపు ఆగమంది."

దాని మొహంలో ఆట లేదండీ. ఆఫీసులో పనిచేసే మనిషి మొహం లాగుంది. రోజూ చేసే పనే చేస్తోంది.

పిల్ల ముందు గొడవ పడకూడదని మనమిద్దరం కూర్చుని ఒట్టు పెట్టుకున్నాం, గుర్తుందా? చాలా గొప్పవాళ్ళమనుకున్నాం అప్పుడు. కొన్నాళ్ళు తలుపేసుకుని గొడవపడ్డాం. తర్వాత తలుపెయ్యడం కూడా దండగనిపించి మాటలే మానేశాం. మీ నాన్నని అన్నానికి రమ్మను, మీ అమ్మని చొక్కా ఎక్కడ పెట్టిందో అడుగు. అంతా పిట్టే. మీరు ఇంట్లో ఉంటే పక్కింటి పిల్లలు ఎంత పిలిచినా అది గుమ్మం దిగదు. నాన్నంటే ప్రాణం అని మురిసిపోయాను. ఇవాళ ఇంటికొస్తూ దారిలో అడిగితే, "నేను ఆడుకోడానికెళ్తే మీకెవరు చెప్తారు?" అంది.

నా కడుపులో ఉన్నది కూడా కక్కేస్తాను, మళ్ళీ ధైర్యం వస్తుందో రాదో. రెండో బిడ్డ నిలవలేదని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆస్పత్రి మంచం మీంచి మీకు ఫోన్ చేశాను. ఇక్కడ లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడు, నేనొచ్చి చేసేదేముంది అన్నారు. ఆ మాట నాకింకా అరగలేదు. లిఫ్టులో ఇరుక్కున్న ముక్కూమొహం తెలియని వాళ్ళకి తలుపు సందులోంచి గంటలకొద్దీ ధైర్యం చెప్తారు. కట్టుకున్న దానితో మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా? మీరు ఏడుస్తారేమోనని చూశాను. తిడతారేమోనని చూశాను. ఏదీ లేదు. మర్నాడొచ్చి నా చెప్పులు తుడిచి మంచం కింద పెట్టారు, అంతే.

అందుకే మా అక్కతో మాట్లాడాను. వాళ్ళ ఊళ్ళో బడిలో ఒక ఖాళీ ఉందట. మొన్న పిట్టతో మీకు కబురు పంపాను. ఆదివారం నువ్వూ నేనూ పెద్దమ్మ ఇంటికి వెళ్ళిపోతున్నాం, నాన్నని తాళంచెవి పక్కింట్లో తీసుకోమను అన్నాను. అది వెళ్ళి వచ్చి, "నాన్న సరే అన్నాడు" అంది.

సరే. అంతేనా? కూరలో ఉప్పు తగ్గిందంటే నాలుగు మాటలంటారు మీరు. పెళ్ళాంపిల్లలు పోతున్నారంటే ఒక్క సరేతో సరిపెట్టారు. రెండు రోజులుగా ఆ మాట నన్ను తింటోంది. బట్టలు సర్దేశాను. కానీ ఇవాళ ఆ ఆట చూశాక ఒకటే అనుమానం. మొన్న నాన్న కూర బాగుందన్నాడు అని పిట్ట చెప్పింది. నిజంగా అన్నారా? నిజంగా సరే అన్నారా? నాకు మీ నోటి మాట కావాలి. రాకపోతే ఆదివారం పొద్దున్న బండి ఎక్కేస్తాను. పంతం కాదు. పిట్ట చేత ఇంక మోయించలేను.

ఇట్లు,
మీ ఇంటావిడ


టీచరమ్మకి,

ఇలా పిలిచి చాలా రోజులైంది. కోపం రాకపోతే చదువు.

నీ ఉత్తరం ఓ పెద్ద మేడ లిఫ్టు మెషిన్ గదిలో కూర్చుని చదివాను. సగంలో మడవలేదు. చదివాక కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. నాతో పనిచేసే కుర్రాడు కింద నుంచి అన్నా, అన్నా అని అరుస్తూనే ఉన్నాడు.

కూర బాగుందని నేను అనలేదు. ఉప్పు లేదు చెప్పు మీ అమ్మకి అన్నాను. నీ దగ్గర్నించి నాకేం కబుర్లు వచ్చేవో తెలుసా? అమ్మ నీకోసం ఎదురు చూస్తోంది. అమ్మ నువ్వు అలిసిపోయావంది. చొక్కా మీద గ్రీజు మరక పోకపోతే, పోన్లే పాపం నాన్న కష్టపడ్డాడంది. నేను వెర్రివాణ్ణి, అన్నీ నమ్మాను. పోనీలే, దీని మనసు కరుగుతోంది, నేనే తొందరపడి మాట్లాడి చెడగొట్టకూడదు అనుకున్నాను. ఇద్దరం చెరో గదిలో కూర్చుని, ఎవరూ అనని మాటలకి సంతోషపడుతూ బతికాం. ఆ మాటలన్నీ పుట్టించింది అయిదేళ్ళు నిండని పిల్ల.

ఇక ఆదివారం సంగతి. పిట్ట నా దగ్గరికొచ్చి, "ఆదివారం మనం ముగ్గురం పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నాం, అమ్మ నిన్ను కూడా రమ్మంది" అంది. సరే అన్నాను. సరే అనడమే కాదు, మా సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి సెలవు తీసుకున్నాను. మీ అక్కగారి ముందు బాగుండాలని జుట్టు కూడా కత్తిరించుకున్నాను. నువ్వు చూశావో లేదో. నీ మనసు పూర్తిగా కరిగిందని ఈ రెండు రోజులూ పనిలో పాటలు పాడుకున్నాను, కుర్రాడు నవ్వుతుంటే కూడా పట్టించుకోలేదు. అలాంటప్పుడు నీ ఉత్తరం దొరికింది.

ఆస్పత్రి సంగతి. ఆ ఇరుక్కున్నాయన త్వరగానే బయటికొచ్చేశాడు. నేను ఆస్పత్రికి వచ్చాను. మెట్ల దాకా వచ్చి కూర్చున్నాను. నీ మొహం చూడాలంటే భయమేసింది. నేనొచ్చి చేసేదేముంది అని నీతో అన్నాను కానీ, అది నాకు నేను వేసుకున్న ప్రశ్న. ఆ బిడ్డకి నేను పేరు కూడా అనుకున్నాను, నీకు చెప్పలేదు. తప్పయిపోయింది. ఇది చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. పిట్ట ఎదురుగా నిలబడి "అమ్మకి ఏం చెప్పను?" అనేది. చిన్నపిల్ల చేత పంపించే మాట కాదు కదా ఇది. మంచినీళ్ళు అడుగు అని పంపేవాణ్ణి.

వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. ఆపడానికి నాకు మొహం లేదు. కానీ రావద్దన్న మాట మటుకు నువ్వే అను, నా మొహం మీదే అను.

ఈ ఉత్తరం నీ సంచిలో పెట్టను. నేనే తెచ్చి నీ చేతికిస్తాను, చదివేదాకా వంటింటి గుమ్మంలో నిలబడతాను. ముందు పిట్టని పక్కింటికి ఆడుకోవడానికి పంపుదామనుకున్నాను. వద్దనిపించింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. అక్కడే కూర్చోనీ, విననీ. నీకు తిట్టాలనుంటే గట్టిగా తిట్టు. నాకూ నోరుంది, నేనూ ఏదో అంటాను. అది బెదిరి మధ్యలోకి వచ్చి "నాన్నా, అమ్మ అలా అనలేదు" అంటుంది చూడు. అప్పుడు దాన్ని ఎత్తుకుని, "అమ్మ అంది తల్లీ, నేను విన్నాను, అయినా ఇక్కడే ఉన్నాను" అని చెప్తాను.

నీ
లిఫ్టు మేస్త్రీ