బనిత్సాలో నవలల చీటీలు

సోఫియా, జనవరి 6

చెల్లీ జ్లాతినా, క్షేమంగా చేరాను.

కొత్త సంవత్సరం బనిత్సా రొట్టెలో అందరూ అదృష్టం చీటీలు పెడితే, నువ్వు ఏడాదంతా మెచ్చిన ప్రేమ నవలల, మాయాలోకపు నవలల పేర్లు పెట్టావు. నాకొచ్చింది పైకి చదివి, “డ్రాగన్ ప్రేమిస్తే మీ కుట్టు మిల్లులో కూలి పెరుగుతుందా?” అని వెక్కిరించాను. “పది గంటలు కుట్టి వస్తే ఇంట్లోనూ నీ ఉపన్యాసమేనా అక్కా?” అని లేచి వెళ్లిపోయావు.

తిడుతూ వ్యాసం రాద్దామని ఆ నవలను నీ అలమరలోంచి తెచ్చి రైల్లో చదివాను. ఇలాంటి కథల్లోని రాజులంటే నా మంట తగ్గలేదు గానీ, అందులో డ్రాగన్ దర్జీ పిల్లను మొదట అడిగేది “అలసిపోయావా?” అని. ఇరవై ఏళ్లుగా కార్మికుల పక్షాన రాస్తున్నాను, నిన్ను ఆ మాట ఒక్కసారీ అడగలేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మిగతా చీటీల్లోని పేర్లు రాసి పంపు. ఎంత కోపంగా రాసినా సరే, ఎదురు వాదించను.

ఇద్దరికీ ముద్దులు.
అక్క విహ్రా