అరగని బూట్లు

విజయనగరం,
9-6-1968

చిరంజీవి పైడితల్లికి అమ్మ దీవెనలు.

తాయారు నడక లెక్క అందింది. నాలుగు నెలలుగా రోజూ "ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు" అనే రాస్తున్నావు. జ్వరం వచ్చిన రోజున కూడా అంతేనా? బూట్లు నువ్వే తొడుగుతున్నావా, మీ అత్తగారా? తోలు గడప దాటి లోపలికి రాకూడదని గురమ్మ వదిన మొదటి రోజే అన్న మాట నీ లెక్కలు ఎక్కించే నా పుస్తకంలో రాసి ఉంది.

పుట్టినప్పుడు మెదడుకు తగిలిన దెబ్బతో పిల్ల పిక్కలు బిగుసుకుని మునివేళ్ల మీదే నడుస్తోందనీ, ఈ ఇనుప పట్టీల బూట్లతో ఆరు నెలల్లో మడమలు నేలకు ఆనకపోతే మడమ వెనక నరం కోయాలనీ డాక్టరు చెప్పాడు. ఆగస్టు ఎంతో దూరం లేదు.

నీ అమ్మ,
నారాయణమ్మ

గజపతినగరం,
13-6-1968

అమ్మకి నమస్కారాలు.

జ్వరం రోజు అబద్ధమే రాశాను. పొలం పనికి, ఇప్పుడు గోగుచేలో కలుపుకి, నేను పొద్దున్నే పోయి చీకటి పడ్డాకే వస్తాను కనుక, రెండు పూటలా బూట్లు అత్తే తొడుగుతుంది. వచ్చాక అడిగితే, "తొడిగినానే, నడిపించినానే. నీకూ మీ యమ్మకీ నామీద ఇంత అనుమానమేటే" అంటుంది. తాయారును అడిగితే మామ్మ వైపు చూసి నవ్వుతుంది. ఇద్దరూ ఏదో దాస్తున్నారని నాకూ అనిపిస్తోంది.

బూట్లు వేళ్ల దగ్గర బిగుతయ్యాయి. మా మరిది లక్ష్ముడితో పంపుతున్నాను. సాగదీయించి పంపు.

నీ పైడితల్లి

విజయనగరం,
17-6-1968

పైడితల్లికి,

బూట్లు చెప్పులు కుట్టే దాలయ్యకు ఇచ్చేముందు తిరగేసి చూశాను. అడుగు తోలు కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గీత లేదు, ఇసుక రేణువు లేదు. దాలయ్య కూడా, "ఇవి నేల తొక్కినవి కావమ్మా. మూల కూకున్నవి" అన్నాడు.

వదినతో గొడవ పడను. వచ్చే ఆదివారం వచ్చి తాయారును తీసుకుపోతాను. ఆగస్టు వరకూ నా దగ్గరే ఉంటుంది. బట్టలు సర్ది ఉంచు.

అమ్మ

గజపతినగరం,
21-6-1968

అమ్మకి,

నీ ఉత్తరం చదివి వినిపించాను. అత్త లోపలికి పోయి ఒక మూట తెచ్చి నా ముందు పడేసింది. అన్నీ బూట్ల అడుగున తొడిగే గుడ్డ సంచులు, పదకొండు జతలు. తన పాత చీరలు కోసి కుట్టింది. తోలు నేలకు తగలకుండా సంచి కట్టి, అరగగానే మారుస్తూ, ఇల్లంతా, దేవుడి గది దాకా పిల్లను నడిపిస్తోందట. బూట్లు పంపేటప్పుడు విప్పేసిందట.

"మీ యమ్మ సదువుకున్న మనిసి, నవ్వుతాదని సెప్పలేదు. ఎన్నో జతో దానికి అన్ని ముడులేసినాను. నాకు రాత రాదు గానీ లెక్క రాదేటి" అంది.

మూట లక్ష్ముడితో పంపుతున్నాను. చూశాక నీ ఇష్టం. నీ ఉత్తరం విన్నప్పటి నుంచి తాయారు మామ్మ కొంగు వదలడం లేదు.

పైడితల్లి

విజయనగరం,
23-6-1968

నా తల్లి పైడితల్లికి,

ఈరోజు ఆదివారం. బస్సెక్కలేదు.

ముడులు లెక్కపెట్టి సంచులు వరసగా చాప మీద పరిచాను. మొదటి నాలుగు జతలకూ వేళ్ల దగ్గరే చిల్లులు. ఏడో జతకు పాదం మధ్యలో గుడ్డ నలిగింది. తొమ్మిదో జతలో ఎడమదాని మడమ పల్చబడింది. పదకొండో జతకు రెండు మడమల దగ్గరా చిల్లులు పడ్డాయి. నమ్మకం కుదరక మళ్లీ మొదటి నుంచి చూశాను. అంతే.

ఆగస్టులో డాక్టరుకు నా పుస్తకం చూపించను. ఈ మూట చూపిస్తాను. వదినను కూడా రమ్మను. ముడుల సంగతి ఆవిడే చెప్పాలి.

సాగదీసిన బూట్లతో పాటు నా పొందూరు చీర పంపుతున్నాను. ఉతికి ఉతికి మెత్తబడింది. పన్నెండో జత దానితో కుట్టమను. మడమ దగ్గర మాత్రం రెండు మడతలు వేయమను.

అమ్మ