గజ్జెల పక్కన

ఉషా,

అమ్మవారి దయవల్ల నేనూ నీ కూతురూ కులాసా. ఫోన్‌లో నన్ను మాట పూర్తి చేయనివ్వవని రాస్తున్నాను.

కూచిపూడి నేర్పించమని నీ చిన్నప్పటి గజ్జెలు పంపావు. రుచితేమో బ్యాలే అనే విదేశీ నాట్యం నేర్చుకుంటానంది. నా దగ్గరికి వచ్చాక అది నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, చేర్పించాను. నువ్వు అలిగి దానితో మాట్లాడడం మానేశావు.

ఏ నాట్యానికైనా గజ్జెలుంటాయనే అనుకున్నాను. వాటికి పసుపు కుంకుమలతో పూజ చేసి, మొదటిరోజు గవర్నర్‌పేటలోని ఆ డ్యాన్స్ స్కూలుకి పట్టుకెళ్లాను. టీచరమ్మ నవ్వి, "ఇందులో కాలి చప్పుడు వినపడకూడదండీ" అంది. మెత్తటి గుడ్డ బూట్లు ఇచ్చింది.

నిన్న దీపం పెట్టబోతే, దేవుడి మందిరంలో నీ గజ్జెల పక్కన ఆ బూట్లున్నాయి.

"దేవుడి దగ్గర బూట్లేమిటే! తియ్యి ముందు" అన్నాను.

"గజ్జెలకి పూజ చేశావుగా పెద్దమ్మా, ఇవీ డ్యాన్స్‌వేగా! అమ్మ గజ్జెల పక్కనే ఉండనీ" అంది.

తీయడానికి చెయ్యి రాలేదు. వాటికీ కుంకుమ బొట్టు పెట్టాను.

ఈ ఉత్తరం అందగానే దానికి ఫోన్ చెయ్యి. ఏం నేర్చుకున్నావమ్మా అని అడుగు. నాది మామూలు ఫోను, నీకు బొమ్మ కనపడదు. అయినా అది ఫోన్ పక్కన పెట్టి ఆడి చూపిస్తుంది. చప్పుడేమీ వినపడదు. కాసేపాగి, భేష్ అను.

అక్క