ఎడమ పెట్టె గొణుగుడు

అమ్మాయికి నాన్న ఆశీస్సులు. ఒక్క చెవి తప్ప నేను కులాసా, కంగారు పడకండి.

ఎవరో తాతల నాటి స్టీరియో ఒకటి బాగుచెయ్యమని కొట్టుకి తెచ్చారు. లోపల పాడైనవన్నీ మార్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని పాట పెడితే ఎడమ పెట్టె గొణుగుతోంది. తీగలు అటువి ఇటు మార్చాను. పెట్టెలే మార్చాను. అయినా ఎడమవైపే గొణుగుడు. విసుగొచ్చి కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చుంటే, గొణిగిన పెట్టె గొంతెత్తింది, రెండోది నీరసపడింది.

కొట్టు యజమాని చూసి, "దానికేం కాలేదు బాబాయ్, నీకే ఒక చానల్ పోయింది" అన్నాడు.

"మరి నా పనో?" అన్నాను.

"కుడి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో పెట్టే విను. తొందరేముంది?"

డాక్టరు వయసన్నాడు, మందు లేదన్నాడు.

వంటింటి పంపు కారడం ఆగిందా? నా చిన్న పట్టకారు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు.

అన్నట్టు, మీ అమ్మ మంచం ఎప్పుడూ నాకు ఎడమ పక్కే కదా. తను మాట్లాడితే నేను పలక్కపోవడం పొగరనుకుంది. తనే మాట్లాడడం మానేసిందని నేననుకున్నాను. నేనొచ్చేలోగా ఆ మంచం కుడి పక్కకి జరిపించు. చెప్పినవాటిలో మళ్లీ చెప్పదగ్గవి ఉంటే గుర్తుచేసుకుని ఉంచమను.

అందరినీ అడిగానని చెప్పు.

నాన్న